రెండుసార్లు పలికే కొండ

మే 2

ఇవాళ ప్రతి ట్రిప్పూ నిండింది. అవతలి పడవ నడిపే టోపీ మొహం మాడిపోయింది. జలపాతం దాకా పడవ తీసుకెళ్ళే అనుమతి తన ఒక్కడికే ఉందని రెండేళ్ళుగా వాడి కాళ్ళు నేల మీద ఆనడం లేదు. ఎండైనా వానైనా ఆ గడ్డి టోపీ తియ్యడు, మా వైపు చూసి ఈల వెయ్యడం మానడు. ఇవాళ ఈల లేదు.

మా పడవలో ఏముంది చూపించడానికి? నీళ్ళు, ఎదురుగా నిలువు కొండ, ఈ పక్క పైన్ చెట్లు. పూలతోట, గుహ, సూర్యాస్తమయం చూసే బండ, అన్నీ రోడ్డు మీదే ఉన్నాయి, వాటికి పడవతో పని లేదు. ఉన్నదల్లా నాన్న చెప్పే కథ. ఆ కొండ మీద రాళ్ళు కొట్టుకుని బతికేవాడు ఒకడు ఉండేవాడట. ఒకరోజు సగం కొండ విరిగి లోయకు అడ్డంగా పడింది, అతను దానితోపాటే పోయాడు, ఏరు ఆగిపోయి ఈ సరస్సయింది. అతని భార్య ఒడ్డున నిలబడి పిలిస్తే కొండ పలికింది. అది తన మొగుడి గొంతే అనుకుని ఆవిడ ఇక్కడే ఉండిపోయింది, ఇంటికి మళ్ళీ వెళ్ళలేదు. నాన్న అంతటితో ఆపేసి పడవ తిప్పేవాడు. జనం బిక్కమొహాలేసుకుని దిగిపోయేవాళ్ళు. పోయిన ఏడాది నాన్న వెళ్ళిపోయాక కథ చెప్పడం నాకూ, పడవ నడపడం మా ఆయనకూ వచ్చాయి. జనం అలాగే బిక్కమొహాలేసుకుని దిగిపోయారు.

పోయిన నెల ఒక కాలేజీ పిల్ల అడిగింది, అయితే అతను బతికే ఉన్నాడా అని. నా నోట్లోంచి దానంతటదే వచ్చింది. బతికున్నవాళ్ళని పిలిస్తే ఈ కొండ రెండుసార్లు పలుకుతుంది, పోయినవాళ్ళని పిలిస్తే ఒక్కసారే అని. చుక్కాని దగ్గర మా ఆయన దగ్గు వచ్చినట్టు మొహం అటు తిప్పుకున్నాడు. ఒడ్డు మీది తెల్లబండా ఎండిన మోడూ ఒకే వరసలోకి వచ్చేచోట పడవ ఆపితే ఎవరు ఏం అరిచినా రెండుసార్లే వినిపిస్తుంది. ఎదుటి కొండ ఒకసారి, దాని వెనక కొండ ఇంకోసారి. కాస్త ఇవతలికి జరిగితే ఒక్కటే. ఆ చోటు నాన్న చూపించిందే. ఆ పిల్ల వాళ్ళమ్మని పిలిచింది, రెండుసార్లు పలికింది, పడవంతా చప్పట్లు కొట్టింది. అప్పటి నుంచి అదే చెప్తున్నాను. జనం మొగుళ్ళనీ పిల్లల్నీ పిలుస్తారు, ఆఫీసరు పేరు పిలిచి ఇంకా ఉన్నాడా అని నవ్వుకుంటారు. సరదాకి వచ్చినవాళ్ళు పోయినవాళ్ళని ఎందుకు పిలుస్తారు?

ఇవాళ సాయంత్రం ట్రిప్పులో ఒక పెద్దావిడ. రేవు పక్కన మా అత్తయ్య కొట్లో కొన్న ఆకుపచ్చ గొడుగు వేసుకుని, తన తమ్ముడి పక్కన నోట్లో నాలుక లేనట్టు కూర్చుంది. అందరూ పిలవడం అయ్యాక లేచి నిలబడి "ఒరే చిన్నోడా" అంది. కొండ రెండుసార్లు అంది. ఆవిడ అక్కడే కూలబడి ఏడ్చింది. తర్వాత నవ్వింది. ఇంత బాగా ఎప్పుడూ కుదరలేదు.

మే 3

ఆకుపచ్చ గొడుగు మళ్ళీ వచ్చింది.

మే 4

పొద్దున ట్రిప్పుకీ, సాయంత్రం ట్రిప్పుకీ.

మే 5

ఇవాళ ఆవిడ తమ్ముడు రేవు దగ్గర నా కోసం ఆగాడు. దర్జీ అట, మెడలో టేపు ఇంకా వేలాడుతూనే ఉంది, ఊరు దాటి వచ్చినా తియ్యడం మర్చిపోయినట్టున్నాడు. నాకు దండం పెట్టినంత పని చేశాడు. వాళ్ళ అక్క కొడుకు ఎక్కడో వంతెన పనిలో ఉండగా ఏరు పొంగిందట. కొట్టుకుపోయినవాళ్ళలో ఇద్దరు తప్ప అందరూ దొరికారు. ఆ ఇద్దరిలో ఈవిడ కొడుకొకడు. తండ్రి చిన్నప్పుడే పోయాడు, ఉన్నది ఒక్కడే కొడుకు. అప్పటి నుంచి ఆవిడ తిండి మానేసిందట, గాలి మార్పు ఉంటుందని బలవంతాన ఇక్కడికి తీసుకొచ్చాడట.

"మీ పడవ ఎక్కిన రాత్రి అడిగి మరీ అన్నం పెట్టించుకుందమ్మా. మీ నోటి చలవ" అన్నాడు.

పెద్దవాళ్ళ నుంచి వస్తున్న కథండీ, మాదేముంది అన్నాను. అనగానే చెవులు వేడెక్కాయి. పెద్దవాళ్ళ నుంచి వస్తున్నది కాదు. అయినా నేనేం అబద్ధం చెప్పాను? కథ చెప్పాను. కథ వినడానికే కదా పడవ ఎక్కేది. ఆవిడ అన్నం తింది. అంతకంటే ఏం కావాలి?

మే 7

తమ్ముడు కొట్టు మూసి ఎన్నాళ్ళుంటాడు, వెళ్ళిపోయాడు. ఆవిడ కదలనంది. లాడ్జిలో మెట్ల కింద గది చవకగా ఇచ్చారట.

రోజూ వస్తోంది. ముందు వరసలో కూర్చుంటుంది. ఆవిడ నన్ను తల్లీ అంటోంది, నేను పిన్నిగారూ అంటున్నాను. ఇవాళ నాకు నిమ్మ బిళ్ళలు తెచ్చింది, రోజంతా మాట్లాడే గొంతు పాడవకుండా చూసుకోవాలంది. బుగ్గన పెట్టుకుని కథ చెప్పాను. బిళ్ళ కరిగేదాకా ఆవిడ వైపు చూడలేదు.

మే 9

జనం ఎక్కువ. రాయడానికి ఏమీ లేదు.

మే 11

నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. అత్తయ్య కొట్లో ఒక కుటుంబం టీ తాగుతుంటే అత్తయ్య వాళ్ళకి కొండ సంగతి చెప్తోంది. రెండుసార్లు పలికితే ఉన్నట్టు, ఒకసారైతే లేనట్టు అని. తన చిన్నప్పుడు వాళ్ళ నాయనమ్మ చెప్పేదట. ఎవరో దూరదేశం వెళ్ళినవాడిని పిలిస్తే రెండుసార్లు పలికిందట, మర్నాడే వాడు దిగాడట.

వాళ్ళు వెళ్ళాక అడిగాను, అత్తయ్యా, ఇది పోయిన నెల నేను పుట్టించిన మాట కదా అని.

"నువ్వు పుట్టించేదేమిటే, నీకు ముందే ఉంది. మీ నాన్నకి తెలియక చెప్పలేదు" అంది, ఎంగిలి గ్లాసులు కడుగుతూ. ఆవిడ అబద్ధం ఆడటం లేదు. అందుకే భయం వేస్తోంది.

టోపీ కూడా జలపాతం నుంచి తిరిగొచ్చేటప్పుడు తెల్లబండ దగ్గర పడవ ఆపుతున్నాడు. పైగా వాడు పడవలో గంట కూడా రెండుసార్లు మోగిస్తున్నాడట. నా కథ నాకంటే వాడే ఎక్కువ అమ్ముకుంటున్నాడని ఒళ్ళు మండింది. ఇందాకటి భయం ఆ మంటలో కొట్టుకుపోయింది. చూసుకుంటే నా బతుకు ఇలా ఉంది.

మే 14

దర్జీ మళ్ళీ వచ్చాడు. ఈసారి మెడలో టేపు లేదు.

వంతెనకి చాలా దిగువన, ఆనకట్ట తలుపుల దగ్గర ఒక శవం దొరికిందట. మొహం పోల్చుకునేలా లేదు. దొరకనివాళ్ళు ఇద్దరు, అందులో రెండోవాడికి నా అన్నవాళ్ళు లేరు. ఈవిడ వెళ్ళి రక్తం ఇస్తే పరీక్ష చేసి చెప్తారు. నెలాఖరు దాకా ఉంచుతాం, ఆ తర్వాత అనాథ శవాలతో కలిపేస్తాం అన్నారట ఆసుపత్రివాళ్ళు.

ఆవిడ రానంది. బతికున్నవాడికి శవపరీక్ష ఏమిట్రా అందట.

"రోజూ రెండు పూటలా పలుకుతున్నాడు కదరా అంటోందమ్మా. నేనేం చెప్పేది? అది వాడే అయితే, దిక్కులేనివాడిలా పోతాడు. ఆ పిల్లాడిని నా భుజాల మీద మోశాను." ఆయన నా వైపు వంగి గొంతు తగ్గించాడు. "ఒక్కసారి... ఒక్కసారే పలికేలా చెయ్యలేరా?"

ఆయనకి తెలుసు. చెప్పకుండానే తెలిసిపోయింది. బట్ట చూసి కుట్టు ఎక్కడుందో చెప్పే మనిషి. టీ తాగుతారా అన్నాను. ఆయన తాగలేదు.

ఇది పొద్దున జరిగింది. ఆ తర్వాత మూడు ట్రిప్పుల్లో మూడుసార్లు కథ చెప్పాను, ఎప్పటిలాగే, ఆ ముక్కతో సహా. ఆవిడ ముందు వరసలో ఉంది. గొంతు ఒక్కచోట కూడా తడబడలేదు. అదే నాకు సిగ్గుగా ఉంది.

మే 15

మా ఆయనకి చెప్పాను. ఆయన వల బాగుచేసుకుంటూ అంతా విన్నాడు. నేను ఇంతసేపు మథనపడ్డ విషయాన్ని ఆయన రెండు ముక్కల్లో తేల్చేశాడు.

"మోడు దాటకుండా ఆపేస్తాను. ఒక్కటే పలుకుతుంది. అయిపోతుంది కదా."

"మోసం కదండీ" అన్నాను.

"ఇప్పుడు చేస్తున్నదేమిటి మరి?"

ఈ మనిషికి మాటలు రావని పెళ్ళయిన కొత్తలో ఏడ్చాను. వచ్చేవి ఇలా వస్తాయి.

ఆదివారం చేద్దామన్నాడు. సెలవులు, జనం ఎక్కువ ఉంటారు, వాళ్ళ పిలుపులూ పాడవుతాయి కదా అన్నాను. అవును, ఆ మాట నేనే అన్నాను. సోమవారం పెట్టుకుందామన్నాను.

మే 18

రాయాలి. రాయకపోతే ఇది కూడా వేరేలా గుర్తుపెట్టుకుంటాను, నా సంగతి నాకు తెలుసు.

పొద్దున ట్రిప్పులో జనం తక్కువ. కొత్త దంపతులు, ఒక టీచరు, ఆవిడ ఇద్దరు స్నేహితురాళ్ళు, మా పిన్నిగారు, ఆవిడ తమ్ముడు. మా ఆయన మోడుకి ఇవతలే ఇంజన్ ఆపేశాడు. కథ చెప్పాను. మొదట మీరు పిలవండి పిన్నిగారూ అన్నాను, మిగతావాళ్ళ పిలుపు ముందు అయితే పట్టుబడిపోతామని. ఆవిడ సంతోషించింది, తనకేదో మర్యాద చేశాననుకుంది.

"ఒరే చిన్నోడా."

కొండ ఒక్కసారి అంది.

ఆవిడ ఇంకా చెవి ఒగ్గి నిలబడే ఉంది. రెండోది ఇప్పుడు వస్తుందన్నట్టు చేతితో మమ్మల్ని ఆగమంది. కొత్త పెళ్ళికూతురు మొగుడి చెయ్యి పట్టుకుంది. ఆవిడ చెయ్యి అలా గాల్లోనే ఉండిపోయింది, మెల్లిగా కిందికి వచ్చింది. మొహంలో నెత్తురు లేదు. ఏడవలేదు. నా వైపు తిరిగి, "రెండోది వినబడలేదు తల్లీ, నాకొక్కదానికేనా?" అంది.

తమ్ముడు నన్ను చూస్తున్నాడు. ఒక్క మాట అంటే చాలు. అవును పిన్నిగారూ, ఒక్కసారే పలికింది, అనాలి. దానికోసమే వచ్చాం. నా నోరు తెరిస్తే వచ్చింది ఇది: "ఎదురుగాలి ఉంది పిన్నిగారూ, గొంతు కొట్టేసింది. ఇంకాస్త ముందుకెళ్ళి పిలుద్దాం."

మా ఆయన నన్ను చూశాడు. నేను కళ్ళతోనే బతిమాలాను. ఆయన ఇంజన్ వేశాడు. తెల్లబండా మోడూ కలిశాయి. ఆవిడ పిలిచింది, రెండుసార్లు పలికింది. టీచరూ స్నేహితురాళ్ళూ చప్పట్లు కొట్టారు, కొత్త పెళ్ళికూతురు కళ్ళు తుడుచుకుంది. ఆవిడ వచ్చి నా తల మీద చెయ్యి వేసి, "ప్రాణం పోసావు తల్లీ" అంది.

గాలి లేదు ఇవాళ. ఆకు కదల్లేదు.

రేవులో దిగీ దిగగానే తమ్ముడు బస్సు స్టాండు దారి పట్టాడు. తిట్టినా బాగుండేది.

జాలి వేసి అలా అన్నానని రాద్దామనుకున్నాను. జాలి కొంత. ఆ మొహం నా వల్ల అలా అయిందని పడవంతా చూడటం నాకు ఇష్టం లేకపోయింది. చప్పట్లు అలవాటైపోయాయి. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

మే 19

ఒంట్లో బాగాలేదని పడవ ఎక్కలేదు. ఒంట్లో బాగానే ఉంది.

మే 20

అత్తయ్య చెప్పింది, నా బదులు మా ఆయన కథ చెప్పాడట. ఒక్క ముక్కలో: "ఇదే కొండ. అరవండి."

మే 21

నాన్న చెప్పే కథలో ఆవిడ ఇంటికి మళ్ళీ వెళ్ళలేదు అన్న దగ్గర ఆపేసేవాడు. చిన్నప్పుడు నాకు ఒళ్ళు మండేది, తర్వాతేమైంది చెప్పవేం అని. తర్వాత ఏమీ లేదమ్మా, అదే కథ అనేవాడు.

మే 22

తెల్లవారుతూనే లాడ్జికి వెళ్ళాను. పిన్నిగారు అప్పటికే తల దువ్వుకుని, గొడుగు పట్టుకుని సిద్ధంగా ఉంది, ట్రిప్పుకి ఇంకా చాలా టైము ఉన్నా. ఇవాళ మనిద్దరమే వెళ్దాం, తెడ్ల పడవలో అన్నాను. మురిసిపోయింది.

చలిగా ఉంది. నీళ్ళ మీద మంచు ఇంకా లేవలేదు. నాన్న నేర్పించిన తెడ్లే అయినా చాలా రోజులైంది, చేతులు బొబ్బలెక్కాయి. తెల్లబండా మోడూ కలిసేచోట ఆపాను. ఆవిడ లేవబోతుంటే కూర్చోమన్నాను.

"ముందు నేను పిలుస్తాను పిన్నిగారూ. మా నాన్నని."

మీ నాన్నగారు ఎక్కడుంటారు తల్లీ అని అడిగింది.

"లేరు. పోయిన ఏడాది పోయారు. నా ఒడిలో తల పెట్టుకునే పోయారు. కళ్ళు మూసింది నేనే."

ఆవిడ అర్థం కానట్టు చూసింది. నేను నిలబడ్డాను. ఆయన పోయాక ఆ మాట పైకి అనలేదు ఎప్పుడూ, ఎవరిని అనాలి?

"నాన్నా."

నాన్నా, అంది కొండ. నాన్నా, అంది దాని వెనక కొండ.

నేను ఆవిడకి చూపించడానికి వచ్చాను, కానీ నేనే ఇంకాస్త చెవి ఒగ్గాను. కూర్చుని అంతా చెప్పేశాను. ఎవరిని పిలిచినా ఇక్కడ రెండుసార్లేననీ, తెల్లబండా మోడూ సంగతీ, సోమవారం కావాలనే ఇవతల ఆపాం, గాలి అన్నది అబద్ధం అనీ. ఆ ముక్క పెద్దవాళ్ళది కాదు, నాదేననీ. ఆవిడ గొడుగు ఒళ్ళో పెట్టుకుని వింది.

"ఎందుకు కల్పించావు?" అని మటుకు అడిగింది.

దీనికి మంచి జవాబు ఒకటి ఉంటుందని దారంతా వెతుక్కున్నాను. లేదు. "టోపీ పడవకి జలపాతం ఉంది పిన్నిగారూ. మాకేమీ లేదు" అన్నాను.

ఆవిడ చాలాసేపు జలపాతం ఉన్న వైపు చూసింది. ఇక్కడికి చప్పుడు మటుకే వస్తుంది.

"కథ బాగా చెప్తావు తల్లీ" అంది.

వెక్కిరింపు లేదు అందులో. నిజంగానే అంది. ఒక చెంపదెబ్బ కొట్టి ఉంటే ఈపాటికి నా సిగ్గు కాస్త తగ్గేది.

ఒడ్డుకు వచ్చాక తమ్ముడికి ఫోన్ చెయ్యమంది. రక్తం ఇస్తానని చెప్పమంది. మధ్యాహ్నం బస్సుకి ఎక్కించాను. గొడుగు అత్తయ్య కొట్లో తిరిగి ఇచ్చేసింది, నాకిక ఎందుకమ్మా అని.

మే 24

నాన్న కథే చెప్పాను. ఇంటికి మళ్ళీ వెళ్ళలేదు అన్న దగ్గర ఆపాను. వెనక సీటులో ఎవరో, మరి రెండుసార్లు పలుకుతుందటగా, అది చెప్పరేం అన్నారు. అది నిజం కాదండీ, నేను కల్పించాను అన్నాను. నవ్వారు. వీళ్ళకి సరిగ్గా తెలియదు, అవతలి పడవ ఎక్కాల్సింది అనుకున్నారు.

మే 26

టోపీ ఈల మళ్ళీ మొదలైంది. మా పడవ సగం ఖాళీ. సాయంత్రం మా ఆయన నా చేతి బొబ్బలకి వెన్న రాశాడు.

మే 29

ఫోన్ రాలేదు. నెలాఖరు వచ్చేస్తోంది. రక్తం ఎప్పుడో ఇచ్చి ఉంటారు. నేను చెయ్యనా? ఏ మొహం పెట్టుకుని చెయ్యను?

పద్నాలుగో తారీఖునే చెప్పేసి ఉంటే. ఆయన టీ తాగననగానే చెప్పేసి ఉంటే.

జూన్ 2

దర్జీ ఫోన్ చేశాడు. కలవలేదట. ఆ శవం వీళ్ళ పిల్లాడిది కాదు, రెండోవాడిదట.

మంచిదేనా అండీ అని అడిగాను. తెలియదమ్మా అన్నాడు. ఏరు అక్కడి నుంచి ఎంత దూరం పోతుందో ఎవరికి తెలుసు, వాడు ఏ ఒడ్డున ఉన్నాడో అన్నాడు. ఆయనకి ఆశ లేదు, గొంతులోనే తెలుస్తోంది. మరి అక్కగారో అన్నాను. దిక్కులేని ఆ కుర్రాడిని ఊరకే వదల్లేదట, మా వాడిలాంటివాడే కదా అని దగ్గరుండి ఖననం చేయించిందట. తర్వాత ఇంటికి వచ్చి కడుపునిండా అన్నం తిందట. కొడుకు కొలతలు చెప్పి కొత్త చొక్కా కుట్టమందట.

"కుడుతున్నానమ్మా. ఏం చెయ్యను" అన్నాడు.

జూన్ 3

అత్తయ్య కొట్లో అప్పుడే అందరికీ తెలిసిపోయింది. చూశారా, కొండ అబద్ధం ఆడుతుందా అంటోంది. ఆసుపత్రివాళ్ళే ఒప్పుకున్నారట. నేను కాదంటే ముక్కున వేలేసుకుంది, నీ నోటితో నువ్వే చెప్పి ఇప్పుడు కాదంటావేమే అని.

టోపీ ఆ కథ కూడా చెప్తున్నాడు ఇప్పుడు. ఆకుపచ్చ గొడుగు తల్లి అని.

జూన్ 7

పిన్నిగారు వచ్చింది.

మధ్యాహ్నం వాన వెలిశాక, రేవు దగ్గర ఖాళీ పడవ తుడుస్తున్నాను. అత్తయ్య దగ్గర అదే గొడుగు మళ్ళీ తీసుకుని, ఒక కాగితం పొట్లం పట్టుకుని వచ్చింది. బుగ్గలు కాస్త నిండాయి. పొట్లంలో నీలం చొక్కా, మడత కూడా నలగలేదు. నాకు చూపించి మళ్ళీ జాగ్రత్తగా చుట్టింది. నా మీద కోపమేమీ లేదంది, ముందు అదే చెప్పింది. నా పక్కన తడిబల్ల మీదే కూర్చుంది.

"నువ్వే కల్పించానన్నావు. నువ్వు అబద్ధం ఆడావని కాదు, నువ్వు అలాగే అనుకున్నావు. ఏదో నీ చేత అనిపించింది తల్లీ. లేకపోతే ఆ వేళకి, ఆ మాటే నీ నోట్లోకి ఎలా వస్తుంది?"

నేను గుడ్డ పక్కన పెట్టేశాను. ఈసారి వదలకూడదనుకున్నాను. చప్పట్లు కొట్టేవాళ్ళు కూడా ఎవరూ లేరు.

"పిన్నిగారూ, మీ ఎదురుగానే మా నాన్నని పిలిచాను కదా. రెండుసార్లు పలికింది కదా. ఆయన పోయారు. నా ఒడిలోనే పోయారు. మరి అదేమిటి?"

ఆవిడ నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. ఆ బొబ్బల మచ్చలు నిమిరింది. నన్ను చూసే ఆ చూపులో ఎంత జాలి ఉందంటే, నా కొడుకు తప్పిపోయినట్టూ ఆవిడ నన్ను ఓదార్చడానికి వచ్చినట్టూ ఉంది.

"దాని కోసమే వచ్చాను. బస్సులో అంతసేపూ అదే ఆలోచించాను. నువ్వు సరిగ్గా చూసుకున్నావా తల్లీ?"

నవ్వి ఉండాల్సింది. కళ్ళు మూసింది ఈ చేత్తోనే. తల బరువు నా తొడ మీద ఎలా మారిందో ఇప్పటికీ తెలుసు. తెల్లబండ తెలుసు, మోడు తెలుసు, ఆ ముక్క ఏ రోజున ఎవరికి ఎందుకు చెప్పానో తెలుసు. ఇన్ని తెలిసినదాన్ని, ఆవిడ ఆ మాట అనగానే తల తిప్పి రేవు మెట్ల వైపు చూశాను. నాన్న ఎప్పుడూ కూర్చుని బీడీ కాల్చుకునే మెట్టు వైపు. అక్కడ తల వంచుకుని ఎవరో కూర్చుని ఉన్నారు, బూటు తాడు కట్టుకుంటున్నారు.

ఆయన తల ఎత్తేదాకా నేను ఊపిరి తీసుకోలేదు.